గేరు మార్చే చెయ్యి ఎవరిది?

1953 జూన్ 30న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో షెవర్లే మొదటి కార్వెట్ తయారై బయటికొచ్చింది. తెల్ల రంగు, లోపల ఎర్ర సీట్లు, ఇద్దరికే చోటు, ఫైబర్‌గ్లాస్ బాడీ. ఎటు నుంచి చూసినా అచ్చమైన స్పోర్ట్స్ కారే. లోపల కూర్చుంటే మాత్రం ఎడమ కాలికి పని లేదు, క్లచ్ పెడలే లేదు. ఆ ఏడాది తయారైన 300 కార్లకూ పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషనే పెట్టారు. మాన్యువల్ కావాలని అడిగినా దొరికేది కాదు. అప్పటికి షెవర్లే చేతిలో ఉన్న మూడు గేర్ల మాన్యువల్ ఈ కారుకు చాలదని కంపెనీ ఇంజినీర్లు తేల్చేశారు.

కొనేవాళ్లకు అది మింగుడు పడలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు జాగ్వార్, ఎంజీ వంటి బ్రిటిష్ కార్ల రుచి మరిగి ఉన్నారు. స్పోర్ట్స్ కారంటే గేర్ రాడ్డు చేతికి తగలాల్సిందే అన్నది వాళ్ల లెక్క. 1954లో 3,640 కార్వెట్లు తయారైతే, వాటిలో మూడో వంతు ఏడాది చివరికి కూడా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది ఉత్పత్తి 700కు పడిపోయింది. కారును ఆపేద్దామన్న మాట కంపెనీలో గట్టిగానే వినిపించింది. 1955లో వీ8 ఇంజిన్, ఆ ఏడాది చివర్లో మూడు గేర్ల మాన్యువల్, 1957లో నాలుగు గేర్ల మాన్యువల్ వచ్చాకగానీ కార్వెట్ నిలదొక్కుకోలేదు. దాన్ని నిజమైన స్పోర్ట్స్ కారుగా మలిచిన ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్. ఆయన న్యూయార్క్ ప్రదర్శనలో ఆ కారును చూసి, మనసు పడి, జనరల్ మోటార్స్‌లో చేరిన మనిషి.

ఇక 2020 మోడల్ కార్వెట్ సంగతి చూడండి. ఇంజిన్‌ను సీట్ల వెనక్కి జరిపి పూర్తిగా కొత్తగా కట్టిన ఆ కారులో మళ్లీ క్లచ్ పెడల్ లేదు. ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఒక్కటే దొరుకుతుంది. ఈసారి కార్లు అమ్ముడుపోలేదన్న బాధే లేదు, జనం వరుస కట్టి కొన్నారు. 1953లో ఆటోమేటిక్ అంటే నెమ్మది. 2020 నాటికి దాని వేగాన్ని మనిషి చెయ్యి అందుకోలేదు. ఒకే కారు జీవితంలో ఈ లెక్క ఇలా తలకిందులు కావడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. ఆ మార్పును నడిపింది ముఖ్యంగా రేసు మైదానమే. సుఖం కోరిన కొనుగోలుదారుల పాత్ర అందులో తక్కువ.

తొలినాటి కార్లలో గేరు మార్చడం సాధన చేస్తేగానీ పట్టుబడేది కాదు. లోపల తిరుగుతున్న పళ్ల చక్రాలను జరిపి ఒకదానితో ఒకటి కలపాలి, అవి వేరువేరు వేగాల్లో తిరుగుతుంటాయి. కింది గేరులోకి రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి రాడ్డును లాగాలి. ఏ కాస్త తేడా వచ్చినా పళ్లు ఒరుసుకునే కరకర వీధి చివరిదాకా వినిపించేది. ఈ బాధను తీర్చిన మనిషి ఎర్ల్ థాంప్సన్. పళ్లు కలిసే ముందే చిన్న శంఖు ఆకారపు భాగాలు ఒరుసుకుని రెంటి వేగాన్నీ సమం చేసే సింక్రోమెష్ ఆయన రూపొందించిందే. 1929 మోడల్ కాడిలాక్ కార్లతో అది జనంలోకి వచ్చింది. నేటికీ ప్రతి మాన్యువల్ కారులో చేతికి మెత్తగా గేరు పడుతోందంటే ఆ పద్ధతి పుణ్యమే.

అదే థాంప్సన్ తర్వాత జనరల్ మోటార్స్‌లో హైడ్రామాటిక్ తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో 57 డాలర్లు అదనంగా కడితే దొరికిన ఈ నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్, భారీగా తయారై అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలికపాటి ట్యాంకులు కొన్ని కూడా దీనితోనే నడిచాయి. మాన్యువల్‌ను సులువు చేసినవాడూ, దాని అవసరం లేకుండా చేయబోయినవాడూ ఒక్కరే. ఈ రెండు దారుల మధ్య వైరం అభిమానులు పెంచుకున్నదే. ఇంజినీర్లకు రెండూ ఒకే సమస్యకు జవాబులు.

మరి పాత ఆటోమేటిక్‌లు వేగం కోరేవాళ్లకు ఎందుకు నచ్చలేదు? ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య వాటిలో ఉండేది నూనె. ఒక వైపు రెక్కలు తిరిగి నూనెను తోస్తే, ఆ తోపుకు రెండో వైపు రెక్కలు తిరుగుతాయి. ఈ బదిలీలో కొంత శక్తి జారిపోయి వేడిగా మారుతుంది. పైగా ఉండేవి రెండో మూడో గేర్లు. మలుపు మధ్యలో, డ్రైవర్ ఊహించని క్షణంలో గేరు దానంతటదే మారితే వెనక చక్రాల పట్టు తప్పుతుంది. తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసుల్లో ఈ చిక్కు లేదు. అందుకే అక్కడ పవర్‌గ్లైడ్‌కు ఆదరణ ఇప్పటికీ తగ్గలేదు. మలుపుల రేసుల్లో మాత్రం దాన్ని నమ్మినవాళ్లు అరుదు.

ఆ అరుదైనవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు జిమ్ హాల్. టెక్సస్ రాష్ట్రం మిడ్‌ల్యాండ్‌లో హ్యాప్ షార్ప్‌తో కలిసి చాపరల్ అనే రేసు కార్లు కట్టాడు. జనరల్ మోటార్స్ పైకి రేసులకు దూరంగా ఉన్నా, షెవర్లే పరిశోధన విభాగం లోపాయకారీగా ఈయనకు సాయం చేసింది. వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే, నూనెతో బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్సు. గేరు ఎప్పుడు మారాలో డ్రైవరే రాడ్డుతో నిర్ణయిస్తాడు, క్లచ్ మాత్రం ఉండదు. 1965 సెబ్రింగ్ 12 గంటల రేసులో కుండపోత కురిసి పిట్ లేన్‌లో విడి టైర్లు నీళ్లలో తేలిన రోజున, హాల్, షార్ప్ ఇద్దరూ ఫెరారీ, ఫోర్డ్ కార్లను వెనక్కినెట్టి గెలిచారు. మరుసటి ఏడాది జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల రేసులో ఫిల్ హిల్, జో బోనియే నడిపిన చాపరల్ 2డీ విజేత. వందకు పైగా మలుపులున్న ఆ కొండదారిలో ఆటోమేటిక్ తరహా కారు గెలుస్తుందని యూరప్‌లో ఎవరూ అనుకోలేదు.

క్లచ్ లేకపోవడంతో ఖాళీ అయిన ఎడమ కాలికి హాల్ వెతికిన పని ఈ చరిత్రలో ఓ మంచి ఘట్టం. 1966 చాపరల్ 2ఈ వెనక భాగంలో మనిషి ఎత్తున నిలువు కమ్ముల మీద ఒక రెక్క ఉండేది. తిన్నని దారిలో డ్రైవర్ ఎడమ కాలితో పెడల్ తొక్కితే రెక్క బల్లపరుపుగా వాలి గాలి అడ్డు తగ్గేది. మలుపు రాగానే కాలు తీస్తే రెక్క ఏటవాలుగా వంగి కారును నేలకు అదిమేది. అదే కాలు బ్రేకు మీదికి పోయేది. క్లచ్ తొక్కాల్సిన కారులో ఈ ఏర్పాటు ఊహకే రాదు. గేరు మార్చే పని తప్పితే మనిషి ఇంకేం చేయగలడన్న ప్రశ్నకు రేసుల్లో దొరికిన తొలి జవాబుల్లో ఇదొకటి. అయితే 1967లో ఏడు లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన చాపరల్ 2ఎఫ్ బలాన్ని ఆ ట్రాన్స్‌మిషన్ మోయలేక పదే పదే చెడిపోయింది. మిగతా జట్లు ఆ దారి పట్టకపోవడానికి అది చాలు.

సరిగ్గా అప్పుడే పోర్షే స్పోర్టోమాటిక్‌ను తెచ్చింది. అది అమర్చిన 911 కారులో గేర్ రాడ్డు ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. రాడ్డు పిడిని చేత్తో పట్టుకోగానే లోపలున్న చిన్న విద్యుత్ స్విచ్ పనిచేసి, క్లచ్ దానంతటదే విడిపోతుంది. అలవాటుగా రాడ్డు మీద చెయ్యి ఆనించే డ్రైవర్ దాని మీద ఏ కాస్త బరువు మోపినా క్లచ్ విడిపోయి ఇంజిన్ ఉత్తినే గుర్రుమనేది. రేసుల్లో మాత్రం అది తన సత్తా చూపింది. 1967లో నూర్బర్గ్‌రింగ్‌లో 84 గంటల పాటు సాగిన మారథాన్ డి లా రూట్‌ను విక్ ఎల్ఫోర్డ్, హాన్స్ హెర్మన్, యోకెన్ నీర్‌పాష్ ఈ ట్రాన్స్‌మిషన్ ఉన్న 911ఆర్‌తోనే గెలిచారు. అయినా కొనేవాళ్లు మూడో పెడల్‌నే కోరుకున్నారు. 1980లో స్పోర్టోమాటిక్ కథ ముగిసింది.

పోర్షే ఇంజినీర్లు అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి ఇంజినీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1939 నాటికే ఒక ఊహ చేసి ఉన్నాడు. ఒకే గేర్‌బాక్సులో రెండు క్లచ్‌లు పెట్టాలి. బేసి గేర్లు ఒకదాని చేతిలో, సరి గేర్లు రెండోదాని చేతిలో ఉంచాలి. కారు మూడో గేరులో పరుగెడుతుండగానే నాలుగో గేరు సిద్ధంగా కలిసి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది, చక్రాలకు అందే శక్తి ఒక్క క్షణమూ తెగదు. 1980లలో టర్బో రేసు కార్లకు ఇది అక్కరకొచ్చింది. గేరు మార్చడానికి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ టర్బో ఒత్తిడి పడిపోయి, మళ్లీ పుంజుకోవడానికి సమయం పట్టేది. రెండు క్లచ్‌లుంటే కాలు తీయనక్కర్లేదు. 1986లో మోంజా రేసును హాన్స్ స్టుక్, డెరెక్ బెల్ పీడీకే అనే ఈ ట్రాన్స్‌మిషన్ ఉన్న పోర్షే 962తో గెలిచారు. కానీ అది బరువు ఎక్కువ. దాన్ని రోడ్డు మీది కారులో మెత్తగా నడిపించగల కంప్యూటర్లూ అప్పటికింకా లేవు.

ఇంతలో ఫార్ములా వన్ వేరే దారి వెతుక్కుంది. ఫెరారీ కోసం కారు గీస్తున్న ఇంగ్లండ్ డిజైనర్ జాన్ బర్నార్డ్‌కు మొదట కావలసింది ఇరుకు కాక్‌పిట్. గేర్ రాడ్డు, దానికో చెయ్యి, ఆ చేతికి మోచేతి జాగా, వెనకదాకా పోయే కమ్ములు... ఇవన్నీ తీసేస్తే కారును సన్నగా గీయవచ్చు. గేరు మార్చే పని స్టీరింగ్ వెనక రెండు మీటలకు అప్పగించాడు. ఒకటి లాగితే పై గేరు, రెండోది లాగితే కింది గేరు. క్లచ్‌ను ద్రవ ఒత్తిడి, ఎలక్ట్రానిక్స్ చూసుకుంటాయి. అలా తయారైన ఫెరారీ 640 పరీక్షల్లో పట్టుమని కొన్ని ల్యాపులు నడిస్తే గొప్ప అన్నట్టుండేది.

1989 మార్చి 26న రియో డి జనీరోలోని జకరెపాగ్వా ట్రాక్ మీద దాని తొలి రేసు. జట్టులో కొత్తగా చేరిన నైజల్ మాన్సెల్ కారు మధ్యలోనే ఆగిపోవడం ఖాయమనుకుని, త్వరగా బయల్దేరే విమానానికి టికెట్ తీసుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. రేసు మధ్యలో స్టీరింగ్ చక్రాన్నే మార్చాల్సి వచ్చింది, అయినా గెలిచాడు. ఆ ఏడాది ఫెరారీ రికార్డు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కారు గమ్యం చేరిన ప్రతిసారీ మొదటి మూడు స్థానాల్లోనే ఉంది, మిగతా రేసుల్లో చాలావరకు మధ్యలోనే ఆగిపోయింది. అయినా పోటీ జట్లకు సంగతి అర్థమైపోయింది. చెడిపోవడం ఇంజినీర్లు సరిచేయగల లోపం. ఆ వేగం మాత్రం రాడ్డు పట్టుకున్న చేతికి అందేది కాదు.

పాత పద్ధతి తన ఆఖరి గొప్ప రోజును బ్రెజిల్‌లోనే చూసింది. 1991 మార్చి 24న సావో పాలోలోని ఇంటర్‌లాగోస్‌లో ఐర్టన్ సెనా తన సొంత ఊరి జనం ముందు మెక్‌లారెన్ ఎంపీ4/6 నడుపుతున్నాడు. అది మాన్యువల్ గేర్‌బాక్సు. వెనక నుంచి తరుముతున్న విలియమ్స్ జట్టు మాన్సెల్ కారుకు మీటల గేర్‌బాక్సు. ముందు చెడింది కొత్తదే, మాన్సెల్ గేర్‌బాక్సు మొరాయించి తప్పుకున్నాడు. ఆ తర్వాత సెనా గేర్లు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరి ల్యాపుల్లో మిగిలింది ఆరో గేరు ఒక్కటే. నెమ్మది మలుపుల్లో ఇంజిన్ ఆగిపోకుండా కాపాడుకుంటూ, చినుకులు మొదలైన ట్రాక్ మీద ఒంటి గేరుతో కారును లాక్కొచ్చాడు. రికార్డో పత్రేజె కన్నా మూడు సెకన్ల లోపు తేడాతో గెలిచి, నొప్పితో అరుస్తూ గీత దాటాడు. భుజాలు పట్టేసి, కప్పును పైకెత్తడానికే నానా అవస్థ పడ్డాడు. ఆ ఏడాది ప్రపంచ టైటిల్ కూడా అతనిదే. మాన్యువల్ గేర్‌బాక్సుతో ఆ టైటిల్ గెలిచిన ఆఖరి కారు అది. 1995లో ఫోర్టి అనే చిన్న జట్టు కారుతో ఫార్ములా వన్‌లో గేర్ రాడ్డు కనుమరుగైంది.

ఆ తర్వాతి సంగతి ఎక్కువ మంది గమనించనిది. గేర్లను కంప్యూటరే పూర్తిగా చూసుకునే స్థితికి ఫార్ములా వన్ చేరాక, 2004 నుంచి దాన్ని నిబంధనలే ఆపేశాయి. గేరు మారాలంటే డ్రైవర్ వేలు కదలాల్సిందే. యంత్రం ఎంత చేయగలిగినా మనిషి చేతికి కొంత పని మిగల్చాలన్న నిర్ణయం అది. పదేళ్ల తర్వాత రోడ్డు కార్లు కొనేవాళ్లు కూడా తమ దారిలో దీన్నే అడిగారు.

రోడ్డు మీదికి మీటలు 1997లో ఫెరారీ ఎఫ్355తో వచ్చాయి. బీఎండబ్ల్యూ కూడా ఎం3లో ఎస్ఎంజీ పేరుతో ఇలాంటిదే ఇచ్చింది. లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ను మాత్రం పంపులు నడిపేవి. వేగంగా పోతే బాగుండేది, ట్రాఫిక్‌లో తల ముందుకీ వెనక్కీ ఊగేది. అమెరికా కొనుగోలుదారులు పట్టుబట్టి అడిగితే, వీ10 ఇంజిన్ ఉన్న ఎం5కు బీఎండబ్ల్యూ అక్కడి మార్కెట్ కోసం ప్రత్యేకంగా ఆరు గేర్ల మాన్యువల్ ఇవ్వాల్సి వచ్చింది. కెగ్రెస్ ఊహ 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో డీఎస్‌జీగా రూపు దిద్దుకున్నాకే ఈ కుదుపులు పోయాయి. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్ మాన్యువల్ ఊసే లేకుండా వచ్చింది. 2008లో పోర్షే 911కు పీడీకే తెచ్చింది. స్టాప్‌వాచ్ ముందు, పెట్రోల్ పరీక్షల్లో మాన్యువల్ ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఫెరారీ 2012 ప్రాంతంలో గేర్ రాడ్డుకు స్వస్తి పలికింది, లాంబోర్గినీ 2014లో హురాకాన్‌తో అదే పని చేసింది.

అసలు మలుపు 2013లో వచ్చింది. పోర్షే 911 జీటీ3 రేసు ట్రాక్ కోసమే పుట్టిన కారు. 1999 నుంచి అది మాన్యువల్‌తో మాత్రమే దొరికేది. కొత్త జీటీ3ని పీడీకేతో మాత్రమే అమ్ముతామని కంపెనీ ప్రకటించగానే అభిమానులు భగ్గుమన్నారు. ల్యాపు సమయాలు చూపించి ఇంజినీర్లు చేసిన వాదనలో తప్పేమీ లేదు. కానీ వీళ్లు అడుగుతున్నది వేరు. బ్రేకు తొక్కుతూనే అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి, ఇంజిన్ వేగం పెంచి, రాడ్డును మూడో గేరులోకి లాగి, మలుపులోకి సరిగ్గా దిగడం. ఏళ్ల తరబడి నేర్చుకున్న ఆ పని తమ చేతుల్లోంచి పోకూడదని. 2015లో మాన్యువల్‌తో మాత్రమే కేమన్ జీటీ4 తెచ్చి పోర్షే కొంత దిగొచ్చింది. 2016లో 500 హార్స్‌పవర్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్‌తో 911ఆర్ కార్లు 991 మాత్రమే చేసింది. అవి చేతులు మారేటప్పుడు షోరూమ్ ధరకు ఎన్నో రెట్లు పలికాయి. 2017 జీటీ3లో మాన్యువల్ తిరిగొచ్చింది.

ఆ కారు కంపెనీ లెక్కలే విషయం చెబుతాయి. నిలబడ్డ చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్లు అందుకోవడానికి పీడీకేకు 3.4 సెకన్లు, మాన్యువల్‌కు 3.9. అర సెకను పోతుందని తెలిసీ మాన్యువల్ రాయించుకున్నవాళ్లున్నారు. అప్పటిదాకా ఏ ట్రాన్స్‌మిషన్ మేలన్నది రేసు ఫలితమే తేల్చేది. ఇప్పుడు తేల్చేది కొనేవాడి మనసు. ఇది మంచి మార్పే. వేగం ఒకటి, నడపడంలోని ఆనందం మరొకటి అని కంపెనీలు ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. టయోటా సుప్రా 2019లో ఆటోమేటిక్‌గానే వచ్చి, కొనేవాళ్ల కోరిక మీద 2022లో మాన్యువల్ తెచ్చుకుంది. మాన్యువల్‌గానే పుట్టిన జీఆర్ యారిస్‌కు అదే కంపెనీ 2024లో ఆటోమేటిక్ జోడించింది. రెండు దారులూ తెరిచి ఉంచడమే న్యాయం.

మాన్యువల్ కూడా ఇప్పుడు ఒకప్పటిది కాదు. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్ నుంచి, కింది గేరులోకి వచ్చేటప్పుడు ఇంజిన్ వేగాన్ని కంప్యూటరే సరిచేసే ఏర్పాటు చాలా కార్లలోకి చేరింది. పాదం అంచు విద్య రానివాడికీ గేరు మెత్తగా పడుతుంది. ఇష్టం లేనివాళ్లు చాలా కార్లలో దాన్ని ఆపుకోవచ్చు.

భారతదేశంలో ఈ ఎంపిక చిన్న కార్ల స్థాయిలోనే ఎక్కువగా జరుగుతోంది. హ్యుందాయ్ 2021లో ఐ20 ఎన్ లైన్‌ను క్లచ్ పెడల్ లేని ఐఎంటీ, డ్యూయల్ క్లచ్ రెండు రకాల్లో తెచ్చింది. గేర్ రాడ్డు ఉండి క్లచ్ లేని ఐఎంటీని చూస్తే స్పోర్టోమాటిక్ మనవడు అనిపిస్తుంది. 2023లో దాని స్థానంలో మూడు పెడళ్ల మాన్యువల్ వచ్చింది. పెద్ద కార్లలో మాత్రం గాలి ఆటోమేటిక్ వైపే ఉంది. 2025లో కొద్ది సంఖ్యలో వచ్చిన గోల్ఫ్ జీటీఐ, ఆక్టావియా ఆర్ఎస్ రెంటికీ డీఎస్‌జీయే దిక్కు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు చూసినవాళ్లకు అంతకన్నా పెద్ద మార్పే కనిపించింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రోజు సచివాలయం పక్కనుంచి దూసుకుపోయిన కార్లలో గేర్లు మార్చేదే లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే గేరు. అదే ఫార్ములా ఈ 2014లో మొదలైనప్పుడు కార్లకు అయిదు గేర్లుండేవి. విద్యుత్ మోటారు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి, ఎవరు మార్చాలన్న ప్రశ్నే అక్కడ రద్దయిపోయింది.

అయినా ఆ ప్రశ్న వదలడం లేదు. 2023లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ విద్యుత్ కారులో స్టీరింగ్ వెనక మీటలున్నాయి. లాగితే లేని గేర్లు మారినట్టు మోటారు బలం ఒక్క క్షణం తగ్గి పెరుగుతుంది, కుదుపు తెలుస్తుంది, స్పీకర్లలో ఇంజిన్ మోత మారుతుంది. లాగడం మరిస్తే కారు ఆ ‘గేరు’ హద్దు దగ్గరే ఆగి ఇక వేగం పెంచదు. టయోటా మరో అడుగు ముందుకేసి, ఒక లెక్సస్ విద్యుత్ కారులో గేర్ రాడ్డు, క్లచ్ పెడల్ అమర్చి విలేఖరులతో నడిపించింది. ఆ రెంటినీ కలుపుతూ లోపల పళ్ల చక్రం ఒక్కటీ లేదు, ఉన్నది సాఫ్ట్‌వేరే. క్లచ్ తొందరపడి వదిలితే మాత్రం కారు ఇంజిన్ ఆగినట్టే ఆగిపోతుంది.